వాన కబురు విన్నాక మీరేం చేస్తారు?

‘రాగల మూడు గంటల్లో మీ జిల్లాలో ఒకటి రెండు చోట్ల ఉరుములు మెరుపులతో, గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో వీచే ఈదురుగాలులతో వర్షం కురిసే అవకాశం.’

వేసవిలో మీ ఫోన్‌కి ఇలాంటి సందేశం ఎన్నిసార్లు వచ్చి ఉంటుంది? వచ్చినప్పుడు మీరేం చేశారు? కిటికీలోంచి ఓసారి ఆకాశం చూశారు. ఎండ పెళపెళలాడుతోంది. ‘వీళ్ళెప్పుడూ ఇంతే’ అనుకుని ఫోన్ పక్కన పడేశారు. అవునా?

మిమ్మల్ని తప్పుపట్టను. ఏం జరగొచ్చో ఆ సందేశం చెప్పింది. మీరేం చేయాలో చెప్పలేదు. ఆ రెండో సగం మీరే రాసుకోవాలి. అదీ ఎండ కాస్తున్నప్పుడే, తీరిగ్గా కూర్చుని. గాలి లేచాక మొదలుపెడితే బుర్ర పనిచేయదు. కాళ్ళు మాత్రమే పనిచేస్తాయి, అవీ ఎక్కువసార్లు తప్పు దిక్కుకే.

మన తెలుగు రాష్ట్రాల్లో మార్చి చివరి నుంచి రుతుపవనాలు కుదురుకునేదాకా గాలివానలు, పిడుగులు, వడగళ్ళు. ఆ తర్వాత అక్టోబరు దాకా వాగులు, చెరువులు, నదులు. కోస్తావాళ్ళకి నవంబరు, డిసెంబరు తుపాన్లు అదనం, వాటి కథ వేరు. ఏడాదిలో సగానికి పైగా మనతో ఉండే వ్యవహారం కాబట్టి దీన్ని నేర్చుకోవడానికి ఓ గంట కేటాయించడం ఎక్కువేం కాదు.

1. ‘మా ఇంటిమీద పడుతుందా?’ అనే ప్రశ్న మానేయండి

దానికి వాతావరణ శాఖ దగ్గర జవాబు లేదు. వేసవి మేఘం మధ్యాహ్నం పుడుతుంది, సాయంత్రం కురుస్తుంది, రాత్రికి ఆనవాలు లేకుండా పోతుంది. పక్క మండలంలో వడగళ్ళు పడితే మీ ఊళ్ళో దుమ్ము కూడా అణగకపోవచ్చు. అందుకే బులెటిన్‌లో ‘ఒకటి రెండు చోట్ల’, ‘కొన్ని చోట్ల’ అంటుంటారు. అవి చేతికొచ్చినట్టు రాసే మాటలనుకుంటున్నారా? వాటి వెనక లెక్క ఉంది. ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో పాతిక శాతానికి మించి వాన పడకపోతే ‘ఒకటి రెండు చోట్ల’ అంటారు. సగం దాకా అయితే ‘కొన్ని చోట్ల’. ముప్పావు వంతు దాకా ‘చాలా చోట్ల’. అది దాటితే ‘దాదాపు అన్ని చోట్ల’.

అంటే మొదటి రకం సూచనలో నూటికి డెబ్భై అయిదు చోట్ల చుక్క రాలకపోయినా ఆ సూచన ఫలించినట్టే. మీ ఊరు ఆ డెబ్భై అయిదులో ఉందని వాళ్ళని అబద్ధాలకోరులంటే ఎలా?

ఒక ఇంట్లో ఇలా మాటలు నడిచాయనుకోండి.

“ఏమండీ, ఆరెంజ్ అలర్ట్ అంటున్నారు. పిల్లాణ్ణి ట్యూషన్ నుంచి ఓ అరగంట ముందే తీసుకొచ్చేస్తారా?”

“మొన్న బుధవారం కూడా అన్నారు. ఏమైంది?”

“ఏమీ కాలేదు. అరగంట ముందు తీసుకొస్తే మాత్రం ఏం పోతుంది?”

ఆవిడ వేసిన లెక్క గమనించండి. వాన పడుతుందా లేదా అన్నది ఆవిడ పట్టించుకోలేదు. జాగ్రత్తపడితే అయ్యే ఖర్చు అరగంట. జాగ్రత్తపడకపోతే రాగల నష్టానికి అంతులేదు. మీరు వేసుకోవాల్సిన ప్రశ్నలు ఈ రెండే: ఇప్పుడు కదిలితే నాకు ఖర్చెంత? కదలకపోతే, వాన నిజంగా వస్తే, నాకు పోయేదేమిటి?

2. రంగుకో పని రాసి గోడకంటించండి

హెచ్చరికలకి నాలుగు రంగులు. ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు. పసుపు అంటే ఓ కన్నేసి ఉంచండి. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే చేయాల్సింది చేసేయండి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: పసుపు రోజు చేయాల్సిన పనిని ఎరుపు రోజుకి వాయిదా వేస్తారు. ఎరుపు వచ్చేసరికి ఊళ్ళో టార్పాలిన్ దొరకదు, ఆటో దొరకదు, కరెంటు ఉండదు.

యాసంగి వరి కోసి ధాన్యం కల్లంలో పోసిన రైతు కుటుంబాన్నే తీసుకోండి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు ఫోన్ చేస్తాడు.

“నాన్నా, వడ్ల మీద పరదా కప్పిన్రా?”

“ఎండ గింత గొడుతుంటే పరదా ఎందుకురా? తేమ తగ్గాలె గదా!”

తండ్రి మాటలో న్యాయముంది. తేమ 17 శాతానికి మించితే కొనుగోలు కేంద్రంలో తూకం వేయరు, కాబట్టి ఎండ ఉన్నంతసేపూ ఆరబెట్టాల్సిందే. కొడుకు మాటలోనూ న్యాయముంది. మరి తగవు తీరేదెలా? రంగుల పట్టీతో. పసుపు అయితే ధాన్యం ఆరబోసే ఉంటుంది. కానీ పరదాలు, తాళ్ళు, మీద పెట్టే రాళ్ళు కుప్ప పక్కనే ఉండాలి, ఇంట్లో అటక మీద కాదు. ఆరెంజ్ అయితే మధ్యాహ్నం రెండింటికల్లా కుప్ప ఎగదోయాలి. ఆ కుప్ప కూడా కల్లంలో మెరక మీద ఉండాలి, చుట్టూ పారతో చిన్న కాలువ తీసి ఉండాలి. చాలామంది పైన కప్పి కింద మరచిపోతారు. పైనుంచి పడే నీళ్ళకన్నా కిందనుంచి పారే నీళ్ళే ధాన్యాన్ని ఎక్కువగా మొలకెత్తిస్తాయి. ఎరుపు అయితే ఆ పూట ఆరబెట్టడమన్న ఆలోచనే వద్దు.

పట్నంలో సెల్లార్‌లో దుకాణం ఉన్నవాళ్ళ పట్టీ వేరు. పసుపు రోజు నేలమీది సరుకు రెండో అరకి ఎక్కాలి. ఆరెంజ్ రోజు నీళ్ళు తోడే మోటారు ఓసారి ఆన్ చేసి చూసుకోవాలి. ఎరుపు రోజు బండి సెల్లార్‌లో పెట్టకూడదు. ఇంతే, మూడు లైన్లు. మీ ఇంటికి మీరే రాసుకోండి.

రంగుతో పాటు అంకె కూడా చూడండి. 24 గంటల్లో సుమారు 7 నుంచి 11 సెంటీమీటర్లు పడితే భారీ వర్షం, 12 నుంచి 20 అయితే అతిభారీ, 20 దాటితే అత్యంత భారీ. సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. ఒక్క ఎకరం మీద 10 సెంటీమీటర్ల వాన పడితే అది నాలుగు లక్షల లీటర్ల నీళ్ళు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు 80 తెచ్చి ఆ ఎకరంలో కుమ్మరించినట్టు. 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు పడింది. హైదరాబాద్ కాలనీలు ఎందుకు మునిగాయో లెక్క మీరే వేసుకోండి.

3. మెరుపు కనబడితే అంకెలు లెక్కపెట్టండి

2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 13 గంటల్లో 36 వేలకు పైగా పిడుగులు నమోదయ్యాయి. వేసవి గాలివానలో అందరికన్నా ముందు ప్రమాదంలో పడేది పొలంలో ఉన్నవాళ్ళు, గొర్రెలూ మేకలూ కాసేవాళ్ళు, తాటిచెట్టు ఎక్కేవాళ్ళు.

మెరుపు మెరిశాక ఒకటి, రెండు, మూడు అని సెకన్లు లెక్కపెట్టండి. ఉరుము వినబడగానే ఆపి, మూడుతో భాగించండి. మెరుపు మీకు అన్ని కిలోమీటర్ల దూరంలో పడినట్టు. లెక్క ముప్పైకి చేరకముందే ఉరుము వినబడితే అది పది కిలోమీటర్ల లోపే ఉంది. పని ఆపేసి పక్కా ఇంట్లోకి గానీ, అద్దాలు ఎత్తిన కారులోకో బస్సులోకో గానీ వెళ్ళిపోండి. చివరి ఉరుము వినబడ్డాక మరో అరగంట బయటికి రావద్దు. వాన వెలిసిందని నాగలో పారో మళ్ళీ అందుకునే తొందర వద్దు. మేఘం పక్కకి జరిగిన తర్వాత కూడా పిడుగు పడుతుంది.

ఇక అలవాటైన పొరపాట్లు. వాన మొదలవగానే చెట్టు కిందికి పరుగెత్తడం వాటిలో మొదటిది. తడుస్తామన్న భయం కొద్దీ చావుకి ఎదురెళ్ళడం అది. పొలంలో ఇల్లు అందుబాటులో లేకపోతే ఎత్తయిన చెట్టుకీ, కరెంటు స్తంభానికీ, ఇనుప కంచెకీ, నీటికీ దూరంగా పల్లపు చోటికి జరగండి. నలుగురున్నారా? ఒకచోట గుమిగూడకుండా ఎడంగా ఉండండి. నేలమీద పడుకోవద్దు. పాదాలు దగ్గర పెట్టుకుని, తల వంచుకుని, మునగదీసుకుని కూర్చోండి. ఇది వేరే దారి లేనప్పుడు చేసే పని. అసలు దారి ముందే ఇల్లు చేరడం.

సెల్‌ఫోన్ పిడుగుని లాగుతుందని ఊరంతా నమ్ముతారు. అది నిజం కాదు. ఛార్జింగ్ వైరు తగిలించి ఉన్న ఫోన్‌తో మాత్రం జాగ్రత్త. ఇంతకన్నా ప్రమాదకరమైన అపోహ ఇంకోటుంది: పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందని. కొట్టదు. ఆ శరీరంలో విద్యుత్తు నిలిచి ఉండదు. మనిషిని వెంటనే ముట్టుకోండి, ఊపిరి చూడండి, ఆడకపోతే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ 108కి ఫోన్ చేయించండి. చుట్టూ నిలబడి చూస్తూ పోగొట్టుకునే నిమిషాలే ప్రాణం తీస్తాయి.

పుణెలోని ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ తయారుచేసిన దామిని యాప్ మీ చుట్టుపక్కల పిడుగు పడే సూచన ఉంటే చెబుతుంది. ఇంట్లో పొలానికి వెళ్ళే మనిషి ఫోన్‌లో అది ఉందా? లేకపోతే ఇవాళే పెట్టించండి. మీ ఫోన్‌లో ఉండి లాభం లేదు.

4. గోడ పక్కన నిలబడకండి

2024 మే 7న హైదరాబాద్ బాచుపల్లిలో గాలివానకి నిర్మాణ స్థలంలో గోడ కూలి ఏడుగురు పోయారు. 2025 ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో తెల్లవారకముందే వాన పడి గోడ కూలి మరో ఏడుగురు భక్తులు పోయారు. రెండూ వేసవి వానలే, గోదావరి వరదలేం కావు. గాలివానలో మనకి ఆసరా అనిపించేవాటినే ముందు అనుమానించాలి. కొత్తగా కట్టి ఇంకా ఎండని ప్రహరీ, మట్టిని ఆపడానికి కట్టిన గోడ, రేకుల షెడ్డు, హోర్డింగ్, ఎండిన కొమ్మలున్న చెట్టు. బైక్ ఆపి ఫ్లెక్సీ కింద తలదాచుకోవడం కన్నా తడవడమే మేలు.

మీ ఇంటి డాబా మీద ఎగిరిపోయేవి ఏమున్నాయో చూశారా? రేకులు, ఖాళీ డ్రమ్ములు, పూలకుండీలు. వాటి కిందుగా నడిచేవాళ్ళు మీవాళ్ళు కాకపోవచ్చు. అయినా కట్టేయండి.

5. మీ వానని వదిలేయండి, పైవాళ్ళ వానని చూడండి

వీటన్నిటిలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే దీన్నే గుర్తుపెట్టుకోండి.

గాలివాన మన నెత్తిమీదే పుడుతుంది. వరద అలా కాదు. అది ఎక్కడో పడిన వాన, తీరిగ్గా నడుచుకుంటూ మన గుమ్మం దాకా వస్తుంది. 2024 ఆగస్టు 31, శనివారం విజయవాడ కుండపోతలో తడిసింది. సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం జనానికి అసలు గండం మర్నాడు. మైలవరం కొండల వైపు నుంచి వచ్చిన బుడమేరు, దారి మళ్ళింపు కాలువకి గండ్లు పడి, ఊరిమీదికి వచ్చింది. ‘వాన తగ్గిందిగా’ అనుకుని బట్టలు ఆరేసుకునే సమయానికి వీధిలో నడుముల్లోతు నీళ్ళు. అవి రోజుల తరబడి కదల్లేదు. అదే సమయంలో ఖమ్మంలో మున్నేరు ఇళ్ళని ముంచింది. ఆ మర్నాడు, సెప్టెంబరు 2న, ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. ఒక క్యూసెక్కంటే సెకనుకి 28 లీటర్లు.

భద్రాచలంవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. అక్కడ ఎండ కాస్తుండగా గోదావరి పెరుగుతుంది, ఎందుకంటే ఆ నీళ్ళు మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్‌లలో పడి ప్రాణహిత, ఇంద్రావతి మీదుగా దిగి వస్తాయి. నీటిమట్టం 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71.3 అడుగులకి చేరింది. 1986లో అయితే 75.6. అక్కడి పాతకాపులు టీవీలో భద్రాచలం వాతావరణం చూడరు, ఎగువన ఏం జరుగుతోందో కనుక్కుంటారు. మీరు నేర్చుకోవాల్సింది ఆ అలవాటే.

ఎలా? కాగితం తీసుకుని మూడు ప్రశ్నలకి జవాబు రాయండి. మా ఇంటికి దగ్గర్లోని వాగు, కాలువ, నాలా, చెరువు ఏది? దానికి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి? అది పొంగితే మా వీధికి ఏ వైపు నుంచి వస్తుంది? మూడోదానికి మీ దగ్గర జవాబు లేకపోతే వీధిలో అందరికన్నా పెద్దాయన్ని అడగండి. ‘తాతా, ఇక్కడ ఎప్పుడైనా నీళ్ళొచ్చాయా? ఎంతదాకా?’ అంటే చాలు, గోడమీద చేత్తో చూపిస్తాడు. ఏ మ్యాపులోనూ దొరకని సమాచారం అది. కొత్త కాలనీలో పెద్దలు లేరంటారా? కాలనీ పేరులో కుంట, చెరువు ఉన్నాయేమో చూడండి. లేకపోయినా, పాత కరెంటు బిల్లులో చిరునామా చూడండి. ఆ చోటి పాత పేరు అక్కడ బయటపడొచ్చు.

ఇక ఎగువన ఒక మనిషిని సంపాదించండి. పై ఊళ్ళో ఉన్న మేనమామో, వియ్యంకుడో, పాల వ్యాపారో, ఎవరైనా సరే. ‘మీ చెరువు అలుగు దూకితే నాకో మాట చెప్పండి’ అని ముందే అడిగి పెట్టుకోండి. తెలంగాణలో అయితే మత్తడి దూకడమంటారు. కబురు రాత్రి రెండింటికి వచ్చినా పర్లేదని కూడా చెప్పండి, ఎందుకంటే మొహమాటంతో పొద్దున చెప్పేవాళ్ళున్నారు. 2023 జూలై 27 తెల్లవారుజామున భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లిని వాగు ముంచినప్పుడు జనం మంచాలమీంచి లేచి డాబాల మీదికి ఎక్కాల్సి వచ్చింది. ఆ వానల్లోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్లు పడింది. అలాంటి రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకోవడం క్షమించరాని పని.

పేపర్లో వచ్చే వర్షపాతం అంకె ఉదయం ఎనిమిదిన్నర దాకా లెక్కేసింది. మీరు పేపరు చదివే వేళకి ఆ నీళ్ళు కదిలి చాలాసేపయి ఉంటుంది. పాత అంకె చూసి కొత్త ధైర్యం తెచ్చుకోకండి.

6. ‘దాటేస్తాం’ అనే మాటని నమ్మకండి

రోడ్డుమీద నీళ్ళు పారుతున్నాయి. ముందు ఒక లారీ దాటింది. వెనక మీరు బైక్ మీద ఉన్నారు. పిల్ల పరీక్షకి టైమవుతోంది. ఏం చేస్తారు?

వెనక్కి తిరగండి. పారే నీళ్ళు అర అడుగుంటే మనిషి కాళ్ళు నిలవవు. అడుగుంటే చిన్న కారు తేలుతుంది. రెండడుగులైతే చాలా బళ్ళు కొట్టుకుపోతాయి. లారీ దాటిందన్నది లెక్కలోకి రాదు, దాని బరువు మీ బండికి లేదు. పైగా నీటి కింద రోడ్డుందో కోసుకుపోయిందో ఎవరికీ కనబడదు. కాజ్‌వే మీద ఊరివాళ్ళు తాడు కట్టి ‘రండి రండి’ అంటున్నా సరే, నమస్కారం పెట్టి వెనక్కి రండి. చెరువుకట్ట మీద నిలబడి వీడియో తీసేవాళ్ళకి చెప్పేదీ ఇదే.

కారు నీళ్ళలో ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చేయకండి. ఇంజిన్‌లోకి నీళ్ళు పోయి ఉంటే ఆ ఒక్క తాళం తిప్పుడికే లోపలి భాగాలు వంగిపోతాయి. నీళ్ళు పెరుగుతుంటే బండి వదిలేసి దిగిపోండి. బండిని తర్వాత తోసుకోవచ్చు.

7. వెళ్ళాల్సి వస్తే పది నిమిషాల్లో బయటపడేలా ఉండండి

ఒక సంచి. అందులో ఆధార్, పాస్‌బుక్, పట్టాదారు పాసు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో. ఇంట్లో పెద్దవాళ్ళ బీపీ, షుగర్ మందులు వారానికి సరిపడా. టార్చి, పవర్ బ్యాంక్, మంచినీళ్ళు. నీళ్ళు గడప దాటకముందే మెయిన్ స్విచ్ ఆపండి. గడప దాటాక తడి చేత్తో దాని దగ్గరికి వెళ్ళకండి. గ్యాస్ రెగ్యులేటర్ మూసేయండి. గొడ్లని కట్టుతాళ్ళు విప్పి వదిలేయండి. కట్టేసిన పశువు ఈదలేదు.

‘ఇల్లు వదిలి వెళ్తే దొంగలు పడతారు’ అని ఆగిపోయేవాళ్ళు ప్రతి వరదలోనూ ఉంటారు. ఆ భయం తీరాలంటే వీధిలో అందరూ ఒకేసారి కదలాలి. ఎరుపు హెచ్చరిక వస్తే ఎవరు ఎక్కడికి వెళ్తారో వీధివాళ్ళంతా ఓ ఆదివారం కూర్చుని మాట్లాడుకోండి.

వాట్సాప్‌లో తిరిగే పాత వీడియోలు మాత్రం ఎవరికీ పంపకండి. వాతావరణ శాఖ మౌసమ్ యాప్, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సచేత్ యాప్, రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ సందేశాలు. ఈ మూడూ చాలు.

ఫోన్‌లో ఇప్పుడే నాలుగు నంబర్లు ఎక్కించుకోండి: 112, 108, రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూమ్ 1070, కరెంటు తీగలు తెగితే 1912. అయిదోది నేను ఇవ్వలేను, మీరే వెతకాలి. మీ వీధిలో ఒంటరిగా ఉంటున్న పెద్దావిడో పెద్దాయనో ఒకరుంటారు. ఆ రంగుల సంగతి వాళ్ళకి తెలియకపోవచ్చు, మెసేజ్ చదవడం రాకపోవచ్చు. వాళ్ళ నంబరు రాసుకోండి. ఆరెంజ్ వచ్చిన రోజు మీ మొదటి ఫోన్ వాళ్ళకే చేయండి.